గాలిలోకి పేల్చిన తూటా నా భార్య పిక్కలో ఉన్న విషయం

తిష్‌కనుల్ గ్రామం,
జూన్ 22, శుక్రవారం.

మెరీదా నగరంలోని రాష్ట్ర విచారణాధికారి గారి సముఖమునకు, తిష్‌కనుల్ కాపురస్తుడు, తేనెటీగల పెంపకందారు, నికనోర్ ఉయికాబ్, వయస్సు 58 సంవత్సరాలు, వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఈ నెల 10వ తేదీ సాయంత్రం మా గ్రామ సభ భవనం ముందు భద్రతా బలగాల వారు నిష్కారణంగా ఇరవైమూడు తూటాలు పేల్చుట – వాటిలో ఇరవైరెండు కనబడకుండా పోవుట – మిగిలిన ఒక్కదానిని 28వ తేదీ గురువారం ఉదయం ఎనిమిది గంటలకు స్వాధీనపరచుకొనుటకు తగిన అధికారిని పంపుట – గురించి.

తమరు ఈ మధ్యనే ఉత్తరాది నుంచి బదిలీపై వచ్చారని తమ కార్యాలయ గుమాస్తా చెప్పాడు. కనుక ఇక్కడివారికి చెప్పనక్కరలేని రెండు ముక్కలు ముందుగా మనవి చేస్తున్నాను. మా పండుగల్లో బ్యాండు మేళానికి ఆడే హరానా నాట్యం ఉంటుంది. ఆట మధ్యలో ఎవరికైనా పద్యం తోస్తే "బోంబా!" అని అరుస్తారు. బ్యాండు ఠక్కున ఆగుతుంది. ఆడేవారు ఉన్నచోటనే నిలబడిపోతారు. అరిచినవాడు నాలుగు పాదాల పద్యం చెబుతాడు. సాధారణంగా అది ఆడవారిని పొగడటానికి, అప్పుడప్పుడు వియ్యంకుణ్ణి తిట్టడానికి. అందరూ నవ్వుతారు, బ్యాండు మళ్లీ మొదలవుతుంది. పద్యం బాగులేనప్పుడు తప్ప దీనివల్ల ఎవరికీ బాధ కలిగినట్టు మా తాతల నాటి నుంచీ దాఖలా లేదు.

బాంబును కూడా మా భాషలో బోంబా అనే అంటారు. నీటి మోటారునూ అదే మాటతో పిలుస్తారు. ఇందులో గ్రామస్తుల తప్పేమీ లేదు.

ఇక మా కష్టములు:

1. సాన్ బెర్నబే పండుగకు ముందురోజు ఆట సాయంత్రం అయిదింటికే మొదలైంది. వాన వచ్చేలా ఉండటమే కారణం. ఎండ ఇంకా గోడల మీద ఉంది, మనిషికి మనిషి స్పష్టంగా కనబడుతున్నాడు. లెఫ్టినెంట్ బురుయెల్ గారు, పద్నాలుగు మంది జవాన్లు వేదిక పక్కన నిలబడి ఉన్నారు. వారు రెండు వారాలుగా మా బడిలోనే మకాం ఉన్నారు. మాకు వారితో ఏ గొడవా లేదు. నా దగ్గర తేనె కొన్నారు, రుచి బాగుందన్నారు.

నా భార్య దొమితిలా చబ్లే తల మీద పళ్లెం పెట్టుకుని ఆడుతోంది. పళ్లెంలో ఒక సీసా, నాలుగు గ్లాసులు. ఈ ఆట మా ఊళ్లో ఇప్పుడు ఆమె ఒక్కతే ఆడగలదు. నాకు పద్యం తోచింది. "బోంబా!" అని అరిచాను. బ్యాండు ఆగింది. నేను నోరు తెరిచాను. తుపాకులు పేలాయి.

జనమంతా నేల మీద పడుకున్నారు. నా భార్య పడుకోలేదు. తరువాత అడిగితే, "ఒంగితే సీసా పడిపోదూ?" అంది. కాల్పులు ఆగేదాకా ఒంటికాలి మీద నిలబడి, పళ్లెం తనే దించి, బల్ల మీద పెట్టి, ఆ తరువాతే పడింది. ఈ వరుసను దయచేసి గుర్తుంచుకోవాలి. ఆరో కష్టం దీనిమీదే ఆధారపడి ఉంది.

2. లెఫ్టినెంట్ గారి నివేదికలో మూడు సంగతులు ఉన్నాయని తెలిసింది. మొదటిది, జనంలోంచి ఒకడు పేలుడు పదార్థం ఉన్నట్టు ప్రకటించాడని. అది నేనే. రెండోది, అనుమానాస్పదమైన ఇత్తడి గొట్టం ఒకటి బలగాల వైపు గురిపెట్టబడిందని. అది మా బ్యాండులో హిలారియో పూత్ ఊదే ట్రాంబోను. అతను ముప్పై ఏళ్లుగా దానిని అన్ని వైపులా గురిపెడుతూనే ఉన్నాడు. మూడోది, హెచ్చరికగా ఇరవైమూడు తూటాలు, గాలిలోకి మాత్రమే పేల్చామని.

ఈ మూడో సంగతి మీద గ్రామస్తులం కన్నాలు లెక్కపెట్టాం. గ్రామ సభ గోడకు ఆరు. సపోటా చెట్టుకు అయిదు. నీళ్ల ట్యాంకుకు నాలుగు. టర్కీ కోడి నల్ల పులుసు వండిన కుండకు రెండు. చర్చి గంటకు ఒకటి. అది మోగింది కూడా. ట్రాంబోనుకు ఒకటి, అది ఇప్పుడు ఒక్క స్వరమే పలుకుతోంది, అదీ సంగీతంలో లేనిది. నా భార్య కుడి పిక్కకు ఒకటి. మొత్తం ఇరవై. తక్కిన మూడూ నిజంగానే గాలిలోకి వెళ్లి ఉండవచ్చు. న్యాయంగా ఆ మూడింటిని ఒప్పుకుంటున్నాను. మిగతావాటిని బట్టి చూస్తే, మా ఊళ్లో గాలి మోకాలి కింద నుంచే మొదలవుతుందని నివేదికలో చేర్చవలసి ఉంటుంది.

తేనెటీగ సైతం కుట్టేముందు మనిషి చుట్టూ ఒకసారి తిరిగి చూస్తుంది. వీరు అంతమాత్రం కూడా చూడలేదు.

3. మర్నాడు నన్ను తాలూకా ఠాణాకు తీసుకువెళ్లారు. అరిచింది పద్యం కోసమేనని నేను చెప్పగా, అయితే ఆ పద్యం చెప్పమన్నారు. రాసుకోవడానికి గుమాస్తాను కూర్చోబెట్టారు. చెప్పాను:

తల మీద పళ్లెం, పళ్లెంలో సీసా,
తొణకదు, బెణకదు, ఏమి తమాషా!
ముప్పై నాలుగేళ్లుగా మొగుణ్ణి నేనయ్యా,
నన్నూ అట్లే మోసింది, దించింది లేదయ్యా!

గుమాస్తాకు నవ్వు వచ్చింది. లెఫ్టినెంట్ గారు అతనివైపు చూడగానే ఆపుకున్నాడు.

"సీసాలో ఏముంది?" అని లెఫ్టినెంట్ గారు అడిగారు.

"తేనె సారా అండీ."

"మండుతుందా?"

"గొంతులోనా అండీ?"

"వేషాలొద్దు. అగ్గిపుల్ల పెడితే మండుతుందా లేదా?"

"ఎవరూ పెట్టి చూడలేదండీ. అంత దుబారా మా ఊళ్లో లేదు."

"మండే ద్రవం, సీసాలో" అని గుమాస్తాకు చెప్పారు. "రాసుకో. 'దించింది లేదు' అంటే ఏంటి? ఎవరి మీదికి దించాలని?"

"నన్నండీ. నన్ను దించలేదని. అంటే నా బరువు మోస్తోందని."

"నీ బరువెంత?"

చెప్పాను. అదీ రాసుకున్నారు. పేలుడు పదార్థాలతో బెదిరించాననే నేరం మీద ఇకమీదట ప్రతి సోమవారం నలభై కిలోమీటర్లు వెళ్లి సంతకం పెట్టి రావాలి. నా పద్యం కేసు కాగితాల్లో నాలుగో పేజీలో ఉంది. రెండో పాదంలో 'బెణకదు' బదులు 'బెదరదు' అని టైపు చేశారు. దానివల్ల అర్థం కొంత తీవ్రమైంది. సరిదిద్దించ ప్రార్థన.

4. కాల్పులు జరిగిన గంటలోపే జవాన్లు ఖాళీ తొడుగులన్నీ ఏరుకున్నారు. గోడలోవి, చెట్టులోవి కత్తులతో తవ్వి తీశారు. ట్యాంకులో దిగి వెతికారు. గంటకూ ట్రాంబోనుకూ తగిలినవీ వదలలేదు. పులుసు కుండను సాక్ష్యంగా స్వాధీనం చేసుకుంటున్నామని చెప్పి, పులుసుతో సహా బడిలోకి మోసుకుపోయారు. అంతకుముందే విల్బర్త్ కోవో ఒక ముక్క నోట్లో వేసుకుని ఉన్నాడు. అందులో తూటా తగిలి అతని పన్ను విరిగింది. జవాన్లు అతనిచేత నోరు తెరిపించి తూటా తీసుకున్నారు, పన్ను వదిలేశారు. కుండ మూడోరోజు తిరిగి వచ్చింది. శుభ్రంగా తోమి ఉంది. సాక్ష్యం తినబడినట్టు దీనివల్ల ఋజువవుతున్నది.

ఎవరు ముందు కాల్చారో ఒక జవాను నాకు చెప్పాడు. అసలు అతను వచ్చింది తేనె సీసా కోసం. "ముందు పేల్చింది ఒక్కడే. ఆ చప్పుడుకి మా మీద కాల్పులనుకుని అందరం పేల్చాం. మా చప్పుడుకి మేమే జడుసుకున్నట్టయింది, ఏం చెప్పమంటావు?" అన్నాడు. ఆ మొదటివాడు ఎవరని అడిగితే సీసా అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. చెప్పినవాడి పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. ప్రమాణం చేయించి, లెఫ్టినెంట్ గారు లేని గదిలో తమరు అడిగితే చెబుతాడని నా నమ్మకం.

5. నీళ్ల ట్యాంకుకు కన్నాలు పడ్డాక మోటారు ఆగకుండా నడిచి కాలిపోయింది. విల్బర్త్ తాలూకా ఆఫీసుకు ఫోను చేశాడు. పన్ను లేనందువల్ల అతని మాట అంతంతమాత్రం. "మా ఊరి బోంబా పేలిపోయింది, తొందరగా మనిషిని పంపండి" అన్నాడు. వారు మనిషిని పంపలేదు, రెండు లారీల బలగాలను పంపారు. ఊరంతా మళ్లీ నేల మీద పడుకుంది. లారీలు వెళ్లిపోయాయి, మోటారు అలాగే ఉంది. ఆడవారు ఇప్పటికీ బావి నుంచి నీళ్లు తోడుతున్నారు.

ఇకమీదట పండుగల్లో ఆ మాట వాడరాదని, దానికి బదులు "పద్యము" అని అరవవలెనని లెఫ్టినెంట్ గారు నోటీసు అంటించారు. గత ఆదివారం ఒక పెళ్లిలో పెళ్లికొడుకు మేనమామ ఆ ప్రకారం "పద్యము!" అని మూడుసార్లు అరిచాడు. బ్యాండు ఆగలేదు. నాలుగోసారి అరవబోగా ఆయనకు దగ్గు వచ్చింది.

6. ఇది ముఖ్యమైనది. నా భార్యను ఆ రోజే జిల్లా ఆస్పత్రికి తీసుకువెళ్లాం. చీటీల కిటికీ దగ్గర ఉన్నావిడ అడిగింది:

"పడ్డారా?"

"పడ్డాను" అంది నా భార్య. ఆమె అబద్ధమాడదు. నేను పైన మనవి చేసిన వరుసలో ఆఖరున ఆమె పడిన మాట నిజమే.

"అయితే పడటం వల్ల గాయం" అని ఆవిడ రాసి ముద్ర వేసింది.

"ముందు తూటా తగిలిందమ్మా, తరవాత పడ్డాను."

"అది ముందే చెప్పాల్సింది. ముద్ర పడిపోయింది."

"ముద్ర కూడా పడుతుందా? మరి దానికి కట్టు కట్టరేం?" అంది నా భార్య. దీనివల్ల పని కాలేదు.

పడ్డ గాయానికి కట్టు కట్టి పంపించారు. వారం తరువాత కాలు వాచి, జ్వరం వచ్చి మళ్లీ వెళ్లాం. ఎక్స్‌రేలో తూటా కనబడింది. డాక్టరు చిన్నవాడు, మంచివాడు. ఇది తీసెయ్యాలి, ఆలస్యమైతే కాలికే ముప్పు అన్నాడు. తూటా అని కాగితం మీద రాయమన్నాం. రాస్తే ఠాణా కాగితం జతచేయాలి అన్నాడు. ఠాణాకు వెళ్తే, ఎవరికీ తూటా తగిలినట్టు నివేదికలో లేదు గనుక కాగితం ఇవ్వలేమన్నారు. తూటా అని రాస్తే కాగితం లేదు. కాగితం లేకపోతే తూటా లేదు. చివరికి డాక్టరు "అన్యవస్తువు తొలగింపు" అని రాసి 28వ తేదీకి పేరు ఎక్కించాడు.

"తీశాక దాన్ని ఏం చేస్తారు?" అని అడిగాను.

"మామూలుగా అయితే చెత్తలోకి వెళ్తుంది. లేదంటే బయట ఉన్న బలగాల మనిషి తీసుకుంటాడు. ఈ వారంలో రెండుసార్లు వచ్చి అడిగి వెళ్లాడు. ఎక్స్‌రే ఫిల్ము అప్పుడే పట్టుకుపోయాడు" అన్నాడు. ఆ తరువాత గొంతు తగ్గించి, "నేను ఉద్యోగంలో చేరి నాలుగు నెలలేనండీ" అన్నాడు. నాకు అర్థమైంది. అతణ్ణి నేను తప్పుపట్టను.

అయ్యా, పేల్చిన ఇరవైమూడింటిలో, గాలిలోకి వెళ్లిన మూడూ పోగా, బలగాల చేతికి చిక్కకుండా ఇంకా మిగిలి ఉన్నది ఆ ఒక్కటే. అది ఏ తుపాకీలోంచి వచ్చిందో చెప్పగల పరికరాలు తమ దగ్గర ఉన్నాయని విన్నాను. అది పోతే ఆ సాయంత్రం మా ఊళ్లో జరిగింది ఒకటే: ఒకడు బాంబు అని అరిచాడు, ఒక ఆడమనిషి పడింది.

7. మొన్న బుధవారం లెఫ్టినెంట్ గారు మా ఇంటికి వచ్చారు. రెండు కిలోల పంచదార, ఒక డబ్బా చేపలు తెచ్చారు. నా భార్య కాలు చాపుకుని ఉయ్యాల మంచంలో ఉంది.

"అమ్మా, దీన్ని ఇంతటితో పోనిద్దాం" అన్నారు. "మీ ఆయన ఈ కాగితం మీద ఒక్క సంతకం పెడితే చాలు. కేసు ఉండదు, సోమవారాలు తిరగక్కర్లేదు."

"ఏముంది బాబూ అందులో?"

"బాంబు ఉందని అరిచినట్టు. అంతే."

"అరిచాడు నిజమే. పెళ్లయిన దగ్గర్నుంచీ అరుస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత ఏమైందో కూడా రాశారా?"

"తర్వాత ఏమీ కాలేదని రాశాం."

"మరి నా కాల్లో ఉన్నదేంటి? మీరు తెచ్చిన పంచదారా?"

లెఫ్టినెంట్ గారు టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. "మా కుర్రాళ్లకి పిల్లలున్నారమ్మా" అన్నారు.

"నాకూ ఉన్నారు. ఆ రోజు బెంచీ కింద దూరింది నా మనవరాళ్లే. మీవాళ్లని ఉరితీయమన్నానా? ఎవడు పేల్చాడో వాడు జడ్జి ముందు నిలబడి, ఎందుకు పేల్చాడో చెప్పమంటున్నా. నన్ను చూసి భయపడ్డాడా? పళ్లెం చూసి భయపడ్డాడా? నాకు తెలుసుకోవాలని ఉంది."

"నికనోర్ గారూ, మీరైనా చెప్పండి."

నేను సంతకం పెట్టనని చెప్పాను. పెడితే ఆ కాల్పులకు కారణం దొరుకుతుంది. ఆ కారణం కింద నా సంతకం ఉంటుంది. పంచదార తిరిగి ఇచ్చేశాం. చేపల డబ్బా ఆయన మరచిపోయి వెళ్లారు. దానిని తెరవకుండా ఉంచాం. తమరు పంపే అధికారి తీసుకువెళ్లవచ్చు.

కావున తమరిని వేడుకొనునది ఏమనగా: 28వ తేదీ గురువారం ఉదయం ఎనిమిదింటికి జిల్లా ఆస్పత్రి ఆపరేషన్ గది ముందుకు, బలగాలతో సంబంధం లేని అధికారిని ఒకరిని, సీలు వేసే సంచీతో పంపాలి. బయటికి తీసిన వస్తువును ఆయన తన చేతులతో అందుకోవాలి. ఆస్పత్రి చీటీలో "పడటం" అనే మాటకు ముందు, జరిగిన వరుసలో, "తూటా" అనే మాట చేర్పించాలి. ఆ తూటా పేల్చినవాడెవరో తేల్చి, పేల్చమన్నవాడెవడైనా ఉంటే అతణ్ణి కూడా, న్యాయస్థానం ముందు నిలబెట్టాలి. నా మీద కేసు సంగతి ఆ తరువాత చూసినా ఫరవాలేదు, సోమవారాలు నేను అలవాటు చేసుకుంటాను. నీటి మోటారు తమ శాఖ కాదని తెలుసు. అయినా ఎవరికైనా ఒక మాట చెప్పగలిగితే ఊరంతా కృతజ్ఞులమై ఉంటాం. దానిని ఏ పేరుతో పిలవాలో కూడా ఆ సందర్భంలో నిర్ణయించి తెలియజేయాలి.

ఇదంతా నేను కళ్లారా చూసింది, లెక్కపెట్టింది. ఎక్కడా ఒక్క కన్నం ఎక్కువ చెప్పలేదు. తమరు గురువారం లోపల చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
నికనోర్ ఉయికాబ్
(చేవ్రాలు)

తా.క.: పై అర్జీ నా భార్యకు చదివి వినిపించాను. మర్యాద ఎక్కువైందంది. ఎవరూ రారని కూడా అంది. వస్తారని నేనన్నాను. ఇద్దరం కాసేపు వాదించుకున్నాం. చివరికి ఈ కింది మాటలు ఆమె చెప్పినట్టే రాయమంది, రాస్తున్నాను. "మత్తు నడుం కిందికేనట. కాబట్టి నేను మెలకువగానే ఉంటా. తీసిందాన్ని గిన్నెలో వెయ్యనివ్వను, నా చేతిలోనే పెట్టమన్నా, డాక్టరు ఒప్పుకున్నాడు. బలగాలోడు వచ్చినా, ఠాణావోడు వచ్చినా పిడికిలి విప్పను. మీ మనిషి శుక్రవారం వచ్చినా సరే, ఆ పై వారం వచ్చినా సరే, ఆ చేత్తో అన్నం తినడం మానేసి కూర్చుంటా. కానీ రసీదు రాసివ్వాలి. రసీదులో 'అన్యవస్తువు' అని రాస్తే తీసుకోను. 'తూటా' అని ఉండాలి. నాకు చదవడం వచ్చు."